నైట్రస్ ఇంజన్ – పాఠం 6: హెడ్డును పొగదారి వైపు నుంచి చూడండి

పోయిన పాఠంలో నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఉండే బాటిల్, దాన్ని వదిలి ఆపే సోలినాయిడ్లు, ఎంత పోవాలో కొలిచే జెట్లు అయిపోయాయి. మన అభ్యాసానికి పెట్టుకున్న ఇంజన్ అదే: షెవర్లే స్మాల్ బ్లాక్ 350. బోరు 4 అంగుళాలు, స్ట్రోకు 3.48. ఉత్త గాలి మీద 400 హార్స్‌పవర్ ఇస్తుంది. కార్బురేటర్ కింద ప్లేటు పెట్టి, దాని మీద 200 హార్స్‌పవర్ షాట్ (నైట్రస్ అదనంగా ఇచ్చే బలం) వేయబోతున్నాం. ఇవాళ పాత హెడ్లు (సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులను మోసే భాగాలు) దించి కొత్తవి ఎంచుకుందాం.

హెడ్డు కొనేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: ఇన్‌టేక్ ఫ్లో (గాలి లోపలికి పోయే దారిలో ప్రవాహం) ఎంత? నా మొదటి జత నేనూ ఆ అంకె చూసే కొన్నాను. గాలి మీద నడిచే ఇంజన్‌కు ఆ ప్రశ్న సరైనదే. నైట్రస్ ఇంజన్‌కు మాత్రం అది రెండో ప్రశ్న.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. మొదటి బంతి లేస్తేనే రెండో బంతికి ఆకులు వేస్తారు. ముందు గుమ్మం ఎంత వెడల్పు చేసినా, తిన్నవాళ్లు బయటికి వెళ్లే దారి ఇరుకైతే హాల్లో తోపులాట తప్పదు. నైట్రస్ అంటే వంటింటి వైపు నుంచి కూడా జనాన్ని లోపలికి పంపడం. వాళ్లకు ముందు గుమ్మంతో పనిలేదు. బయటికి మాత్రం అందరూ ఆ ఒక్క దారినే పోవాలి.

ఇంజన్ భాషలో చెప్పాలంటే ఇది. నైట్రస్ బాటిల్లో 900 నుంచి 1000 పీఎస్‌ఐ దాకా ఒత్తిడితో ఉంటుంది. పిస్టన్ దాన్ని పీల్చుకోనక్కర్లేదు, అదే తోసుకొస్తుంది. బరువులో 36 శాతం ఆక్సిజన్. గాలిలో ఉండేది 23 శాతమే. కాబట్టి షాట్ వేసినంత మాత్రాన ఇన్‌టేక్ పోర్టు మీద పడే భారం అంతగా పెరగదు. పెరిగేదంతా పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరే.

ఎంత పెరుగుతుంది? 600 హార్స్‌పవర్ కదా, ఒకటిన్నర రెట్లు అని చాలామంది అనేస్తారు. అంత ఉండదు. ఒక పాలు ఆక్సిజన్ తేవడానికి గాలి 3.76 పాళ్ల నైట్రోజన్ మోసుకొస్తుంది. నైట్రస్ తెచ్చేది 2 పాళ్లే. కాగితం మీద లెక్క వేస్తే 200 షాట్ వదిలే పొగ, గాలి మీద 130 హార్స్‌పవర్ తీస్తే వచ్చే పొగకు దగ్గరగా ఉంటుంది. అంటే మన ఎగ్జాస్ట్ వాల్వు 530 హార్స్‌పవర్ ఇంజన్ పొగను బయటికి పంపాలి. పైగా ఆ పొగ మామూలు కంటే వేడి. ఇన్‌టేక్ వాల్వు మాత్రం ఇంకా 400 దగ్గరే ఉంది. ఈ పాఠంలో మిగతాదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఫ్లో కాగితం తీయండి. హెడ్డుతో పాటు అమ్మేవాళ్లు ఇచ్చే పట్టికలో అంకెలు మామూలుగా 28 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర కొలిచినవి. వేరే ఒత్తిడి దగ్గర కొలిచిన అంకెను దీనితో పోల్చకండి. రెండు హెడ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది ఇన్‌టేక్ 280 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), ఎగ్జాస్ట్ 196. రెండోది ఇన్‌టేక్ 255, ఎగ్జాస్ట్ 204. ఎగ్జాస్ట్‌ను ఇన్‌టేక్‌తో భాగిస్తే మొదటిదానికి 70 శాతం, రెండోదానికి 80 వస్తుంది. గాలి ఇంజన్‌కు 70–75 చాలు. మనకు 80, ఆ పైన కావాలి. నేనైతే కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటాను. ఇన్‌టేక్‌లో పోయిన 25 సీఎఫ్‌ఎం సంగతంటారా? జెట్ ఒక సైజు పెంచితే తిరిగొస్తుంది. బయటికి పోలేని పొగకు మాత్రం జెట్‌తో మందు లేదు.

ఈ పట్టికలోనే ఒక చిన్న మాయ ఉంటుంది. ఎగ్జాస్ట్ పోర్టుకు ఒక గొట్టం ముక్క తగిలించి కొలిస్తే అంకె పెరుగుతుంది. ఒకరు గొట్టంతో, ఒకరు గొట్టం లేకుండా కొలిచారంటే పోలిక చెల్లదు. అడగండి. జవాబు చెప్పకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయండి. ఇంకోటి: పట్టికలో చివరి వరుస ఒక్కటే చూడకండి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం మొదలైనప్పుడే సిలిండర్లో ఒత్తిడి ఎక్కువ, పొగలో చాలా భాగం అప్పుడే దూసుకుపోతుంది. అందుకే 0.200, 0.300 అంగుళాల లిఫ్టు (వాల్వు తెరుచుకునే ఎత్తు) దగ్గర ఎగ్జాస్ట్ అంకె ఎంతో చూడాలి.

వాల్వు సైజులకు వద్దాం. స్మాల్ బ్లాకులో పాత అలవాటు జోడీ 2.02, 1.60 అంగుళాలు. వైశాల్యం లెక్కేస్తే ఎగ్జాస్ట్, ఇన్‌టేక్‌లో 63 శాతం. అందుకే ఎగ్జాస్ట్ వాల్వు పెద్దది పెట్టాలన్న ఆశ పుడుతుంది. కానీ రెండు సీట్ల (మూసుకున్నప్పుడు వాల్వులు ఆనే అంచుల) మధ్య లోహం సన్నబడితే పగులు అక్కడే మొదలవుతుంది. వాల్వు పెంచడం కంటే పోర్టు వంపు బాగున్న హెడ్డు వెతకడం మేలు.

వాల్వు లోహం దగ్గర పిసినారితనం పనికిరాదు. ఎగ్జాస్ట్‌కు కనీసం మంచి స్టెయిన్‌లెస్. షాట్ పెద్దదైతే ఇన్‌కోనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమలోహం). తేలిక కదా అని ఎగ్జాస్ట్ వైపు టైటానియం పెట్టకండి, సోడియం నింపిన బోలు కాడ వాల్వులూ వద్దు. వాల్వు అంచు కత్తిలా సన్నగా ఉంటే ఎర్రబడి, ప్లగ్గు కంటే ముందే మంట రాజేస్తుంది. ఆ వేడిలో పెద్ద భాగం సీటు గుండానే హెడ్డులోకి దిగాలి, కాబట్టి ఎగ్జాస్ట్ సీటు కాస్త వెడల్పుగానే ఉండాలి. లేత్ షాపు మేస్త్రీ ఫ్లో కోసం సీటు సన్నం చేస్తానంటే వద్దని చెప్పండి.

చాంబర్ (హెడ్డులో మంట రాజే గుంత) గురించి లెక్కతోనే మాట్లాడదాం. మన సిలిండర్ ఒక్కోటి 716.6 సీసీ. గాస్కెట్ 8.65 (బోరు 4.1 అంగుళాలు, మందం 0.040), పిస్టన్ బ్లాకు పై ముఖం (డెక్) కంటే 0.025 అంగుళం కింద ఉంది కాబట్టి 5.15, పిస్టన్ మీద వాల్వు గుంతలు 5. చాంబర్ 64 సీసీ అయితే మిగిలే చోటు మొత్తం 82.8, కంప్రెషన్ (సిలిండర్, ఈ చోటు కలిపి, ఈ చోటుతో భాగిస్తే) 9.65. చాంబర్ 76 అయితే 8.56. మన షాట్‌కు 64 సరిపోతుంది. హెడ్డు అడుగు చెక్కి చాంబర్‌ను ఇంకా చిన్నది చేసి 11 దాకా తీసుకెళ్దామనే ఉబలాటం బంకు పెట్రోలు పోసేవాళ్లకు వద్దు. మంట త్వరగా పాకే చాంబర్ అయితే స్పార్క్ టైమింగ్ (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పు రాజేయాలో) తక్కువ చాలు. 50 హార్స్‌పవర్‌కు 2 డిగ్రీల చొప్పున మనం ఎలాగూ 8 డిగ్రీలు వెనక్కి లాగాలి.

స్మాల్ బ్లాకుకు పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటుంది. ప్రతి హెడ్డులో మధ్య రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి: ఒక వైపు 3, 5, రెండో వైపు 4, 6. వేడంతా అక్కడ పోగవుతుంది. గాస్కెట్ పోయిందంటే ముందు చూడాల్సిన చోటు అదే. 1997లో వచ్చిన తర్వాతి తరం ఎల్ఎస్ ఇంజన్లలో వాల్వులు ఒకటి విడిచి ఒకటి ఉండటంతో ఆ బాధ లేదు. కానీ సిలిండర్ చుట్టూ బోల్టులు స్మాల్ బ్లాకుకు 5, మామూలు ఎల్ఎస్‌కు 4. ఒకచోట తప్పించుకుంటే ఇంకోచోట దొరికిపోతాం. మీ హెడ్డు ఏదైనా దాని అడుగు ముఖం (అదీ డెక్కే) మందంగా ఉండాలి. షాట్ కొట్టగానే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది, పల్చటి డెక్ వంగుతుంది.

ఇనుమా, అల్యూమినియమా? అల్యూమినియం. వేడిని త్వరగా లాగేస్తుంది, కాలితే వెల్డు చేసి మళ్లీ కోసుకోవచ్చు. ఇనుప హెడ్డు పగిలితే చాలామంది దాన్ని మూలన పడేసి వేరేది చూసుకుంటారు.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఎన్నిస్‌లో 1986లో కట్టిన టెక్సస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ రేసు ట్రాక్ మీకు దగ్గరే. రేసులున్న రోజు పిట్స్‌లో తిరగండి. హెడ్డు దించి కూర్చున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఎగ్జాస్ట్ సీట్ల రంగు చూపించమని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు.

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన ఇంజన్‌కే 70 సీసీ చాంబర్ పెడితే కంప్రెషన్ ఎంతో కట్టండి. తర్వాత ఈ మూడు హెడ్లలో (ఇన్‌టేక్‌కి ఎగ్జాస్ట్ సీఎఫ్‌ఎం) ఒకటి ఎంచుకోండి: 270కి 189, 250కి 205, 262కి 199. ఎందుకో రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి. పాఠం 7 ఈ జవాబులతో మొదలుపెట్టి, గాస్కెట్టు, స్టడ్ల దగ్గరికి వెళ్దాం.