రోయింగ్ మెషిన్‌పై చేతులు బొబ్బలెక్కకుండా ఎలా చూసుకోవాలి?

రోయింగ్ మెషిన్ (జారే సీటు మీద కూర్చుని, తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే వ్యాయామ యంత్రం) మొదలుపెట్టిన కొత్తలోనే చాలామందికి వేళ్ల మొదళ్లు ఎర్రగా కందిపోతాయి. మర్నాటికి నీటి బొబ్బలు. వెంటనే గ్లవ్స్ కొనేస్తారు. గ్లవ్స్ సంగతి తర్వాత, ముందు పట్టు మార్చుకోండి. నీళ్ల మీద పడవ నడిపేవాళ్లు లాగిన ప్రతిసారీ తెడ్డును చేతిలో తిప్పాలి కాబట్టి వాళ్లకు బొబ్బలు మామూలే. మెషిన్ హ్యాండిల్‌ను తిప్పే పనే లేదు. అయినా చేతులు పాడవుతున్నాయంటే, చాలాసార్లు కారణం అతిగా బిగించి పట్టుకోవడమే.

పైచర్మం హ్యాండిల్‌కు అతుక్కుని ఉంటే లోపలి ఎముక, కండ అటూ ఇటూ కదులుతుంటాయి. ఆ ఒరిపిడికి చర్మం పొరలు విడిపోయి సందులో నీరు చేరుతుంది. నిమిషానికి 24 సార్ల చొప్పున 20 నిమిషాలు లాగితే 480 సార్లు ఇదే జరుగుతుంది.

1. వేళ్లతో పట్టుకోండి, అరచేతితో కాదు

నీళ్లు నిండిన బకెట్‌ను మోసేటప్పుడు దాన్ని వేళ్లకు తగిలించుకుంటాం కదా, ఇక్కడా అంతే. నాలుగు వేళ్లు కొక్కెంలా వంచి హ్యాండిల్ మీద వేయండి. బొటనవేలు కింద ఊరికే ఆనితే చాలు. చేతులు హ్యాండిల్ చివర్లకు దగ్గరగా, దాదాపు భుజాలంత ఎడంగా ఉండాలి. మణికట్టు ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి. చాలామంది హ్యాండిల్ పొట్ట దగ్గరికి రాగానే మణికట్టు వంచేస్తారు. అక్కడే హ్యాండిల్ అరచేతిలోకి జారి చర్మాన్ని ఒరుస్తుంది, మణికట్టూ నొప్పెడుతుంది.

అలవాటు కావడానికి ఒక మంచి సాధన ఉంది. బొటనవేళ్లను కూడా మిగతా వేళ్ల పక్కనే హ్యాండిల్ పైన పెట్టి, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా లాగండి. అలా పెడితే పిడికిలి బిగించడం కష్టం. ఆ తర్వాత మామూలు పట్టుకు వచ్చినా వేళ్లు వదులుగానే ఉంటాయి. సీటు ముందుకు జరిగేటప్పుడు వేళ్లు కాస్త ఆడించి చూసుకోండి. ఆడకపోతే ఇంకా బిగిస్తున్నారన్నమాట.

2. కాళ్లతో తొయ్యండి

బలం ముందు కాళ్లది, తర్వాత నడుముది, చివర్లో చేతులది. ముందే చేతులతో గుంజితే ముంజేతులు పట్టేస్తాయి, పట్టు దానంతటదే బిగుసుకుంటుంది.

3. డ్యాంపర్ తగ్గించండి

కాన్సెప్ట్2 కంపెనీ మెషిన్ల మీద చక్రం పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న మీట ఉంటుంది, అదే డ్యాంపర్. 10 మీద పెడితేనే వ్యాయామం అనుకోవద్దు. అది చక్రంలోకి గాలి ఎంత వెళ్లాలో మాత్రమే చెబుతుంది, శ్రమ మీరు తోసే బలాన్ని బట్టి ఉంటుంది. కొత్తవాళ్లు 3 నుంచి 5 మధ్య పెట్టుకుంటే లాగిన ప్రతిసారీ చేతుల మీద బరువు తగ్గుతుంది.

4. చర్మానికి టైమివ్వండి

మొదటి వారం రోజు విడిచి రోజు, 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఇంకా చేసే ఓపిక ఉన్నా, ఒకచోట మంట మొదలైందంటే ఆ రోజుకు దిగిపోండి. బొబ్బ వచ్చే ముందు చర్మం ఇచ్చే సూచన ఆ మంటే.

5. తడి లేకుండా చూసుకోండి

చెమటకు నానిన చర్మం తొందరగా ఊడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో పక్కన చిన్న టవల్ తప్పనిసరి. ఎక్కే ముందు హ్యాండిల్ తుడవండి, ఉంగరాలు తీసెయ్యండి, చేతులకు నూనె, క్రీమ్ రాసుకోవద్దు. కందే చోట ముందే స్పోర్ట్స్ టేపు వేసుకోవచ్చు. గ్లవ్స్ వదులుగా ఉంటే లోపల ముడతలు పడి అవే ఒరుస్తాయి.

6. కాయలను నునుపుగా ఉంచండి

కొన్నాళ్లకు చేతులు కాయలు కాస్తాయి. అది మంచిదే. కానీ అంచు లేచిన కాయ హ్యాండిల్‌కు పట్టుకుని చిరుగుతుంది. స్నానం చేశాక పాదాలు రుద్దుకునే రాయితో తేలిగ్గా రుద్దండి, బ్లేడుతో కొయ్యొద్దు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాస్తే చర్మం పగలదు.

బొబ్బ వచ్చేస్తే

గుచ్చకండి. దానంతటదే చితికితే సబ్బునీళ్లతో కడిగి, పైచర్మం పీకకుండా పట్టీ వెయ్యండి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా డాక్టరుకు చూపించాలి. షుగరు ఉన్నవాళ్లు చిన్న బొబ్బనైనా తేలిగ్గా తీసుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టు నొప్పి తగ్గకపోవడం వేరే సమస్యలు, వాటికీ డాక్టరే. బొబ్బ మానేదాకా రోయింగ్ బదులు సైకిల్ తొక్కండి. కొత్త చర్మం నొక్కినా నొప్పి లేనప్పుడు, టేపు వేసుకుని మళ్లీ 5 నిమిషాలతో మొదలుపెట్టండి.