శీతాకాలపు దిగులుకు మన మూలికలు – మూడవ పాఠం: సరస్వతి ఆకు

గత పాఠంలో కృష్ణ తులసినీ లక్ష్మీ తులసినీ వేరుచేసి గుర్తించడం, తులసి కషాయం కాచుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో మన డెల్టా తడినేలలో తనంత తానే పెరిగే సరస్వతి ఆకును పొరపాటు లేకుండా పోల్చుకుని వాడుకోవడం నేర్చుకుందాము.

ధనుర్మాసంలో మన ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే ఉంటుంది. జూన్ నెలతో పోలిస్తే ఇది రెండు గంటలు తక్కువ, పైగా కోనసీమ తోటల్లో మంచు విడేసరికి బాగా పొద్దెక్కుతుంది. ఉదయపు వెలుతురు చాలినంత తగలకపోవడం ఈ దిగులుకు ఒక ముఖ్య కారణం కనుక, ఏ మూలికనైనా ఎండలో నడకకు తోడుగానే వాడుకోవాలి తప్ప దానికి బదులుగా కాదు.

సరస్వతి ఆకు నేలబారు తీగ. దాని కణుపు కణుపుకూ వేళ్లు దిగి, అక్కడి నుండే పొడవైన కాడలతో ఆకులు లేస్తాయి. ఒక ఆకును కోసి వెనక్కి తిప్పి చూడండి: ఆకు గుండ్రంగా ఉన్నా, కాడ కలిసే చోట లోపలికి గంటు పడి ఉంటుంది, అంచు పొడవునా సన్నని నొక్కులుంటాయి. అదే తడిలో పెరిగే మరో మొక్కకు కాడ ఆకు నడిమధ్యన, గొడుగు కర్రలాగా అతుక్కుని ఉంటుంది, దానిని కషాయానికి కోయవద్దు. సరస్వతి ఆకును బ్రహ్మి అని కూడా అంటారు గాని, అంగడిలో ఆ పేరిట దొరికేది ఒక్కోసారి నీటి సాంబ్రాణి అనే వేరే మొక్క అయి ఉంటుంది. దాని ఆకులు చిన్నవి, దళసరివి, జంటలు జంటలుగా కాండానికే అంటుకుని ఉంటాయి. అదీ మంచి మూలికే గాని, దాని మోతాదు వేరు.

పంట బోదెల్లోనూ మురుగు కాలువల పక్కనా కోసిన ఆకును నేను ఎవరికీ ఇవ్వను. దాళ్వా చేలకు కొట్టిన మందులు ఆ నీటిలోనే కలుస్తాయి, నేలలోని సీసం వంటి లోహాలను ఈ మొక్క తనలోకి పీల్చుకుంటుంది. రెండు కణుపులున్న తీగ ముక్కను తెచ్చి, పెరటిలో నీడపట్టున కుండీలో నాటుకోవడమే మేలు.

ఎనిమిది పది ఆకులను కడిగి, నలిపి, మరిగించి దించిన గ్లాసెడు నీటిలో వేసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి వడకట్టండి. కాస్త చేదుగా ఉంటుంది కనుక బెల్లం కలుపుకోవచ్చు. దీనిని పరగడుపున కాక, ఉదయం ఫలహారమయ్యాక తాగండి.

దీని శక్తిని ఉన్నంతవరకే చెప్పాలి. 2000లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో ఈ ఆకు తీసుకున్న ఆరోగ్యవంతులకు ఉలికిపాటు తగ్గింది గాని, మనఃస్థితిలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. అందుచేత ఇది ఆందోళనను కొంత నెమ్మదింపజేయవచ్చునే తప్ప కుంగుబాటుకు చికిత్స కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు దీనిని తీసుకోరాదు. మిగిలినవారు కూడా నెలల తరబడి విరామం లేకుండా వాడకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి వైద్యునికి చూపించుకోవాలి. దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా, కషాయంతో కాలయాపన చేయక వైద్యుని దగ్గరకు వెళ్లండి, లేదా ప్రభుత్వ ఉచిత టెలీ మానస్ సేవ 14416కు ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలోగా చేయవలసిన అభ్యాసం: మీ ఊరి తడినేలలో ఈ మూడు మొక్కలనూ వెదికి, ఒక్కొక్క ఆకును కాడతో సహా కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, కాడ ఎక్కడ కలిసిందో పక్కన రాయండి. ఆ తేడాను చూడకుండా చెప్పగలిగే వరకు కషాయం కాచుకోవద్దు.