ఫుట్‌పాత్ అంచుకు దగ్గరగా కారు ప్యారలల్ పార్కింగ్ చేయడం ఎలా?

ప్యారలల్ పార్కింగ్ అంటే ఫుట్‌పాత్ వెంబడి, ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీలో కారును రోడ్డుకు సమాంతరంగా నిలపడం. ఆ ఖాళీలోకి ముందు నుంచి దూరబోతే కారు ముక్కు లోపలికి వెళ్తుంది, తోక రోడ్డు మీదే ఉండిపోతుంది. స్టీరింగ్ తిప్పితే తిరిగేవి ముందు చక్రాలే కదా. అందుకే తిరగని వెనక చక్రాలను ముందుగా ఫుట్‌పాత్ దగ్గరికి చేర్చి, ఆ తర్వాత ముక్కును లోపలికి తిప్పాలి. ఈ పార్కింగ్ రివర్స్‌లో చేసేది ఇందుకే.

మీ కారు పొడవుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉంటే కొత్తవాళ్లకు హాయిగా సరిపోతుంది. 4 మీటర్ల కారుకు 6 మీటర్లన్నమాట. మలుపు దగ్గర, బస్టాపులో, గేటుకు అడ్డంగా ఎంత మంచి ఖాళీ కనిపించినా వదిలేయండి.

చోటు దొరికాక ఇండికేటర్ వేసి, ఆ ఖాళీకి ముందున్న కారు పక్కన మీ కారు ఆపండి. రెండింటి మధ్య 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, వెనక బంపర్లు ఒకే వరసలోకి రావాలి. ఇక్కడ కారు వంకరగా నిలబడితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. ఫుట్‌పాత్ వైపు అద్దాన్ని కాస్త కిందికి వంచితే వెనక చక్రం, ఫుట్‌పాత్ అంచు రెండూ కనిపిస్తాయి. నేనైతే ఇది చేయకుండా రివర్స్ గేర్ వేయను.

అన్ని వైపులా చూసుకుని, మనిషి నడక కన్నా నెమ్మదిగా వెనక్కి కదలండి. మాన్యువల్ కారైతే హాఫ్ క్లచ్ (క్లచ్ సగం వదిలి ఉంచడం) మీద, ఆటోమేటిక్ అయితే బ్రేక్ మీద కాలుంచి. కదలగానే స్టీరింగ్ ఫుట్‌పాత్ వైపు పూర్తిగా తిప్పేయండి. ఈ సమయంలో కారు ముక్కు రోడ్డు మీదికి వస్తుంది, పక్కనుంచి వెళ్లే బండ్లను గమనించండి. వాళ్లు దాటేదాకా ఆగడంలో తప్పేమీ లేదు.

ఎప్పటిదాకా తిప్పి ఉంచాలి? కారు దాదాపు 45 డిగ్రీల ఏటవాలుకు వచ్చేదాకా. రోడ్డు వైపు అద్దంలో వెనక కారు హెడ్‌లైట్లు రెండూ కనిపించాయంటే కోణం కుదిరినట్టే. అప్పుడు స్టీరింగ్ నేరుగా చేసి ఇంకాస్త వెనక్కి రండి. మీ ముందు బంపర్ మూల ముందు కారు వెనక బంపర్‌ను దాటగానే స్టీరింగ్ రోడ్డు వైపు పూర్తిగా తిప్పండి. ముక్కు దానంతటదే లోపలికి వచ్చేస్తుంది.

వెనక టైరు అంచుకు తగిలితే యాక్సిలరేటర్ నొక్కి తోయకండి. టైరు పక్కభాగం పల్చన, అక్కడ కోసుకుంటే మళ్లీ బాగుచేయడం కుదరదు. ఏటవాలుగా మరీ ఎక్కువ దూరం వచ్చారని అర్థం. అంచుకు బాగా ఎడంగా ఆగితే చివరి మలుపు తొందరగా తిప్పారన్నమాట. రెండు సందర్భాల్లోనూ లోపలే ముందుకీ వెనక్కీ సర్దుతూ కూర్చునే బదులు, పూర్తిగా బయటికి తీసి మొదటి నుంచి చేయడమే త్వరగా అవుతుంది.

అంచుకీ టైర్లకీ మధ్య జానెడు ఎడం ఉంటే చక్కగా కుదిరినట్టు. 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి. పల్లంలో దిగే దిశలో ఆపితే ముందు చక్రాలు ఫుట్‌పాత్ వైపు, ఎక్కే దిశలో అయితే రోడ్డు వైపు తిప్పి ఉంచండి. బ్రేకు జారినా టైరు అంచుకు ఆని కారు ఆగుతుంది.

రోడ్డు వైపు తలుపును దానికి దూరంగా ఉన్న చేత్తో తెరవండి. అలా చేస్తే ఒళ్లు తిరిగి, వెనక నుంచి వచ్చే సైకిలు కంటపడుతుంది. తిరిగొచ్చి కారు తీసేముందు, కిందికి వంచిన అద్దాన్ని మళ్లీ పైకి సర్దుకోండి.