ఆఫ్‌గ్రిడ్ సోలార్ ఇంటికి జనరేటర్ ఎంచుకోవడం ఎలా?

అరకు లాంటి మన్యం ఊళ్లలో వానాకాలం ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ మొహం కనిపించదు. ఎండ బాగా కాసినప్పుడు రోజుకు 12 యూనిట్లు ఇచ్చే 3 కిలోవాట్ల ప్యానెళ్లు అప్పుడు రెండు మూడు యూనిట్లు ఇస్తే గొప్ప. కరెంటు లైను లేని ఇంటికి ఆ రోజుల్లో జనరేటరే దిక్కు. దుకాణానికి వెళ్తే ముందుగా "ఇంట్లో లోడు ఎంత?" అని అడుగుతారు. లెక్క అక్కడే దారి తప్పుతుంది. ఫ్యాన్లూ లైట్లూ ఎలాగూ ఇన్వర్టర్ మీద నడుస్తాయి, జనరేటర్‌కి అసలు పని బ్యాటరీ నింపడం. కాబట్టి లెక్క బ్యాటరీ దగ్గర మొదలవ్వాలి.

1. బ్యాటరీ తీసుకునే కరెంటు చూడండి

నాలుగు 12 వోల్టుల, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలను సిరీస్‌లో కలిపిన 48 వోల్టుల బ్యాంకు ఉందనుకుందాం. ట్యూబులర్‌కి ఏహెచ్‌లో పదో వంతు, అంటే 20 ఆంపియర్లు సరైన చార్జింగు. 20 ఆంపియర్లు, బ్యాంకు నిండేటప్పటి 57.6 వోల్టులు: సుమారు 1,150 వాట్లు. చార్జర్‌లో పోయే నష్టం కలిపితే 1,350. చార్జర్ పవర్ ఫ్యాక్టర్ (లాగే వీఏలో నిజంగా పనిచేసే వాట్ల వంతు) 0.8 అయితే జనరేటర్ మీద పడేది 1,700 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). ఆ సమయంలోనే నడిచే ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీకి మరో 750 వీఏ. మొత్తం 2,450. దీనికి పాతిక శాతం కలిపితే 3 కేవీఏ (3,000 వీఏ) సెట్ సరిపోతుంది.

లిథియం బ్యాటరీ అయితే లెక్క మారుతుంది. 51.2 వోల్టుల, 100 ఏహెచ్ బ్యాటరీ సాధారణంగా 50 ఆంపియర్లు హాయిగా తీసుకుంటుంది. దానికే 3 కిలోవాట్లు దాటుతుంది కాబట్టి 5 కేవీఏ కావాలి. అయితే సెట్ నడిచే గంటలు బాగా తగ్గుతాయి.

నేమ్‌ప్లేట్ మీద కేవీఏ ఉందా, కిలోవాట్లు ఉన్నాయా అన్నది చూసుకోండి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అని రాసి ఉంటే 5 కేవీఏ అంటే 4 కిలోవాట్లే. "మ్యాక్సిమమ్" అంకెను పట్టించుకోకుండా "రేటెడ్" అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గుతుంది: ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం. 900 మీటర్లు దాటిన అరకులో దాదాపు పదో వంతు పోతుంది. పైన కలిపిన పాతిక శాతంలో ఇది సర్దుకుంటుంది.

2. "పెద్దదైతే మంచిదే కదా" అనుకోకండి

ఈ ఆలోచనే ఎక్కువ సెట్లను పాడుచేస్తోంది. 10 కేవీఏ డీజిల్ సెట్ మీద కిలోవాటున్నర లోడు పెడితే ఇంజిన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. కొన్నాళ్లకు సైలెన్సర్ అతుకుల దగ్గర తారులాంటి నల్లటి జిడ్డు కారుతుంది, తెల్లపొగ వస్తుంది. అది కనిపించిందంటే సెట్ మీ లోడుకి మించి పెద్దదని అర్థం. డీజిల్ సెట్ మీద 30 శాతం కంటే తక్కువ లోడు ఎక్కువసేపు ఉండకూడదు. 70–80 శాతం దగ్గర నడిస్తే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటుంది, యూనిట్‌కి ఖర్చయ్యే డీజిలూ తక్కువ.

3. బోరు మోటారు సంగతి విడిగా తేల్చండి

1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగులో నాలుగైదు రెట్లు లాగుతుంది. 3 కేవీఏ సెట్ ఇచ్చేది 13 ఆంపియర్లే. మోటారు మూలుగుతుంది, వోల్టేజి పడిపోతుంది, సెట్ ఆగిపోతుంది. దీనికోసం పెద్ద సెట్ కొనడం కంటే, ఎండ ఉన్నప్పుడు ట్యాంకు నింపే సోలార్ పంపు పెట్టుకోవడం లేదా మోటారుని మెల్లగా స్టార్ట్ చేసే డ్రైవ్ బిగించడం మేలు.

4. పెట్రోలా, డీజిలా

ముసురు రోజుల్లో మాత్రమే, రోజుకు మూడు నాలుగు గంటలు నడిపే ఇంటికి పెట్రోల్ సెట్ చాలు. ఏడాదికి మూడు నాలుగు వందల గంటలు దాటుతుందంటే 1500 ఆర్‌పీఎం డీజిల్ తీసుకోండి. 3000 ఆర్‌పీఎం సెట్లు చవక, తేలిక. కానీ మోత ఎక్కువ, త్వరగా అరుగుతాయి. కొత్త డీజిల్ సెట్ కొంటే 2023 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ లేబుల్ ఉందో లేదో చూడండి.

5. డబ్బు కట్టేముందు పరీక్షించండి

మల్టీమీటర్, ఇస్త్రీపెట్టె, వాటర్ హీటర్ తీసుకెళ్లండి. లోడు లేకుండా 52 హెర్ట్జ్ దాకా ఉండొచ్చు. రెండింటినీ పెట్టాక ఫ్రీక్వెన్సీ 49 కంటే, వోల్టేజి 210 కంటే కిందికి దిగకూడదు. అంకె నిలవకుండా ఊగుతుంటే ఆ సెట్ వద్దు. అలాంటి కరెంటును ఇన్వర్టర్ తీసుకోదు, "టిక్ టిక్" మంటూ కలుపుతూ విడగొడుతూ ఉంటుంది.

6. కలపడం, సెట్టింగులు

జనరేటర్ తీగ ఇన్వర్టర్ ఏసీ ఇన్‌పుట్‌కే వెళ్లాలి. అవుట్‌పుట్ వైపు కలిపితే ఇన్వర్టర్ కాలిపోతుంది. ఆ తర్వాత ఇన్వర్టర్ మెనూలో ఏసీ చార్జింగ్ కరెంటును, పైన చెప్పిన ట్యూబులర్ బ్యాంకుకైతే, 20 ఆంపియర్లకు తగ్గించండి. చాలామంది మరిచిపోయేది ఇదే. అది 60 దగ్గరే ఉంటే ఒక్క చార్జరే 4 కిలోవాట్లు లాగుతుంది. సెట్ ట్రిప్ అవుతుంది, బ్యాటరీలూ వేడెక్కుతాయి. తప్పు జనరేటర్‌ది అనుకుని దుకాణం చుట్టూ తిరుగుతారు.

ట్యూబులర్ బ్యాటరీ సగానికి దిగగానే సెట్ వేసి, 80–85 శాతం దగ్గర ఆపేయండి. ఆ పైన బ్యాటరీ తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది, పెట్రోల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. ఆ చివరి భాగాన్ని ఎండకు వదిలేయండి. సెట్‌ని ఉదయం పూటే నడిపితే పగలు కాసిన కాస్త ఎండా దానికి తోడవుతుంది. వారం పైగా ఎండ రాకపోతే మాత్రం ఒకసారి సెట్ మీదే పూర్తిగా నింపండి, లేకపోతే ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది.

చిన్న పోర్టబుల్ సెట్లలో చాలావాటికి న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపి ఉంచరు. అలాగే వాడితే షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పడకపోవచ్చు. ఆ కలయిక మొత్తం సిస్టమ్‌లో ఒక్కచోటే ఉండేలా ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

సెట్‌ని వసారాలోనో, తలుపులు మూసిన షెడ్డులోనో ఎప్పుడూ నడపొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, పైన రేకు వేసి నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టండి.

7. వాడని నెలల్లో

ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ పీల్చుకుని కార్బురేటర్ రంధ్రాలను మూసేస్తుంది. అందుకే సీజన్ అయ్యాక పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. ట్యాంకు కూడా ఖాళీ చేయండి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న డీజిల్ సెట్‌కైతే స్టార్టర్ బ్యాటరీయే బలహీనత. దానికి సోలార్ లైను నుంచి చిన్న చార్జర్ పెట్టండి. నెలకోసారి సగం లోడుతో అరగంట నడపండి. కొత్త పెట్రోల్ సెట్‌కి సాధారణంగా 20 గంటలకు మొదటి ఆయిల్ మార్పు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు. నడిచిన గంటలు రాసుకోవడానికి ఒక చీటీ సెట్ దగ్గరే వేలాడదీయండి.