టైట్రేట్ చేయమంటే ఎట్లా చేయాలి?

మా అక్క కూతురు ప్రొద్దుటూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతి సెలవులకు కర్నూలు వచ్చినప్పుడు, నేను ఫోన్‌లో జూనియర్ సిస్టర్‌కు "నార్‌అడ్రినలిన్ మెల్లగా టైట్రేట్ చేయమ్మా" అని చెప్పడం విని, "పిన్నీ, అది మా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మాట కదా!" అంది. వాళ్ల మాటే. మా దగ్గర దానికి అర్థం, బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ లాంటి మందును, కావలసిన ఫలితం వచ్చేదాకా కొంచెం కొంచెంగా మార్చుతూ పోవడం. ఐసీయూలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను ఆ ల్యాబ్ నుంచే మొదలుపెట్టి చెబుతాను.

ఫ్రెంచిలో బంగారం, వెండి ఎంత మేలిమివో చెప్పే మాట 'టీత్ర్'. టైట్రేషన్ దాన్నుంచే పుట్టింది. తెలుగు పుస్తకాల్లో అంశమాపనం అంటారు.

ల్యాబ్‌లో చేసేది గుర్తు తెచ్చుకోండి. ఫ్లాస్క్‌లో 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం, కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం, 60–70 డిగ్రీల వేడి. పైన బ్యూరెట్‌లో, అంటే గీతలున్న గాజు గొట్టంలో, పర్మాంగనేట్. మొదటి చుక్కల రంగు పోవడానికి కాసేపు పడుతుంది, తర్వాత పడగానే మాయమవుతుంది. చివరికి ఒక్క చుక్కకు లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషమైనా నిలుస్తుంది. అక్కడ ఆపాలి. ఎక్కువ పడితే పారబోసి మళ్లీ చేసుకోవచ్చు.

మంచం మీద మనిషిని పారబోయలేం. అందుకే ఆర్డర్‌లో 'టైట్రేట్' అని ఒక్క మాటే ఉంటే, సిరంజిలోని మందును ఎక్కించే పంపు మీద చెయ్యి వేయకండి. ఎంత బీపీకి చేర్చాలి, ఒక్కోసారి ఎంత పెంచాలి, ఎంతసేపు ఆగాలి, ఏ రేటు దాటితే డాక్టర్‌ను పిలవాలి, ఇవన్నీ అడిగి రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు.

లెక్క ఇట్లా ఉంటుంది. 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. నార్‌అడ్రినలిన్ ఉంటే 1 మి.లీ.లో 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.05 మైక్రోగ్రాములంటే గంటకు 180, అంటే పంపు రేటు 2.25 మి.లీ. సెప్సిస్ షాక్‌లో, అంటే తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోయినప్పుడు, మామూలుగా పెట్టుకునే లక్ష్యం మీన్ (సగటు) బీపీ 65. కింది బీపీని రెట్టింపు చేసి, పై బీపీ కలిపి, మూడుతో భాగించండి. 90/52 ఉంటే దాదాపు 65 వచ్చినట్టే.

ఇప్పుడు నేను ఎప్పటికీ మరచిపోలేని సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. నరంలోకి మందు వెళ్లే గొట్టాన్ని (లైన్‌ను) సెలైన్‌తో నింపి, దాని వెనక మందు సిరంజి తగిలించాను. బీపీ లేవలేదు. టెన్షన్‌లో పది నిమిషాల్లో మూడుసార్లు రేటు పెంచాను. మందు ఇంకా లైన్‌లోనే ఉంది. లైన్‌లో 1 మి.లీ. సెలైన్ ఉన్నా, గంటకు 2.25 చొప్పున అది లోపలికి పోవడానికే దాదాపు 27 నిమిషాలు కావాలి. మందు ఒంట్లోకి చేరాక ఆ పెద్దాయన పై బీపీ 200 దాటింది. డాక్టర్ వచ్చి తగ్గించారు, తెల్లారేసరికి ఆయన కుదుటపడ్డాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన కొడుకు ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

కాబట్టి లైన్ చివరిదాకా మందుతోనే నింపి తగిలించండి. మందు రక్తంలో చేరాక ఒకటి రెండు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. రేటు మార్చినప్పుడల్లా ఆర్డర్‌లో రాసినంతసేపు ఆగి, బీపీ చూసి, అప్పుడే మళ్లీ మార్చండి. ఆ లైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించకండి. లోపలున్న మందంతా ఒక్కసారిగా వెళ్తుంది. తగ్గించడం కూడా టైట్రేషనే, ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోతుంది.

అన్ని మందులకూ ఆగే సమయం ఒకటి కాదు. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక రక్తపరీక్షకు ఆరు వారాలైనా ఆగుతారు. ఆక్సిజన్‌నూ టైట్రేట్ చేస్తాం. సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88–92 చాలు, 100కి తేవాలని చూడకండి.

టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష రిపోర్టులో 1:160 అని కనిపించే 'టైటర్' కూడా ఈ కుటుంబంలోని మాటే. సీరమ్‌ను అంతగా పలచన చేసినా యాంటీబాడీ కనిపించిందని అర్థం. అది మందు మోతాదు కాదు.

పిల్లల వార్డులో బ్యూరెట్ సెట్ (గీతలున్న గొట్టంతో వచ్చే డ్రిప్ సెట్) చూపించినప్పుడు మా అక్క కూతురు దానిమీది గీతలు లెక్కపెట్టింది. ల్యాబ్ బ్యూరెట్‌లో సుమారు 20 చుక్కలు 1 మి.లీ. మన మామూలు డ్రిప్ సెట్‌లోనూ అంతే, మైక్రో సెట్‌లో మాత్రం 60. వాళ్లు రికార్డులో తొలి రీడింగ్, తుది రీడింగ్ రాసినట్టే, మీరు రేటు మార్చిన ప్రతిసారీ టైమ్, కొత్త రేటు, అప్పటి బీపీ చార్టులో రాయండి. ఉదయం డ్యూటీకి వచ్చే సిస్టర్ మొదట చూసేది ఆ వరుసనే.