వానకాలం ఉల్లిగడ్డ: చేను నుంచి కర్నూలు యార్డు దాకా

కోడుమూరు, గూడూరు, సి.బెళగల్, గోనెగండ్ల, దేవనకొండ పక్క ఖరీఫ్ ఉల్లి చేతికొచ్చేది ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య. సరిగ్గా వాన పట్టే నెలలు. అదే సమయానికి మహారాష్ట్ర రైతులు ఎండాకాలంలో పీకి, ఆరబెట్టి, దాచిపెట్టిన రబీ గడ్డను బయటికి తీస్తుంటారు. కొనేవాడి ముందు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పొట్టు గలగలలాడే గడ్డ, ఇంకొకటి మెడ, అంటే కాడ గడ్డను కలిసే చోటు, ఇంకా పచ్చిగా ఉన్న మన గడ్డ. సైజులో మనది ఏ మాత్రం తీసిపోకపోయినా, తడి ఉంటే ధర అక్కడే తెగిపోతుంది.

ఆరుదల పని పీకడానికి ముందే మొదలవ్వాలి. చివర్లో యూరియా చల్లితే మెడ లావెక్కుతుంది, లావు మెడ ఎన్ని రోజులైనా ఎండదు. కాబట్టి గడ్డ ఊరడం మొదలయ్యాక నత్రజని ఆపేయండి. పీకే ముందు 10 నుంచి 15 రోజులు నీళ్లు కట్టొద్దు. ఎర్రనేలలో ఇది సులువు. నల్లరేగడి మాత్రం గట్టిపడి గడ్డను పట్టేసుకుంటుంది. అప్పుడు కాడ పట్టి లాగితే తెగి చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. పారతో పక్కనుంచి మట్టి వదులు చేసి తీయండి. గాటు పడిన గడ్డను ఆ పూటే వేరే కుప్పలో వేయాలి.

రబీలో సగం మొక్కల మెడలు వాలిపోతే పీకొచ్చని తెలుస్తుంది. ఖరీఫ్‌లో కాడలు అలా వాలవు, వాటి కోసం కాచుకుంటే గడ్డ పగులుతుంది, వాన మీద పడుతుంది. కింది ఆకులు పసుపు తిరిగి, గడ్డకు రంగు ఎక్కిందా చూడండి. ఎక్కితే ఖాళీ డ్రమ్మును మడుల మీద దొర్లించి కాడలను వంచేయండి, రెండు మూడు రోజులకు పీకండి.

పీకిన గడ్డను కుప్ప పోయొద్దు. సాలుగా పరచండి, ఒక వరస ఆకులు ముందు వరస గడ్డల మీద కప్పుకునేలా. ఎండ నేరుగా తగిలితే గడ్డ ఒక పక్క ఉడికినట్టు మెత్తబడుతుంది, రెండు రోజుల్లో అక్కడే కుళ్లు పుడుతుంది. ఇలా మూడు నుంచి ఐదు రోజులు. వాన వస్తుందంటే ఎత్తైన గట్టు మీదికి చేర్చి పట్ట కప్పండి, వాన ఆగిన వెంటనే తీసేయండి. చాలామంది చేసే తప్పు పట్టను పొద్దుటిదాకా అలాగే ఉంచడం. రాత్రంతా గడ్డ వదిలిన ఆవిరి పట్ట కింద నీళ్లై మళ్లీ గడ్డ మీదే కారుతుంది. వానలో తడిసిన దానికంటే అది చెడ్డది.

కాడ కోసేది ఆకు ఎండాకే. మెడ దగ్గర అంగుళం వదిలి కోయండి. గడ్డకు ఆనించి కోస్తే ఆ కోత నుంచే నల్లబూజు లోపలికి దిగుతుంది. కూలి సంచి లెక్కన ఇస్తే తొందరలో ఆనించే కోస్తారు, పక్కనే ఒకరు నిలబడాల్సిందే. తర్వాత చెట్టు నీడలోనో కొట్టంలోనో అడుగు మందం మించకుండా పరచి వారం నుంచి పది రోజులు ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలియాలంటే ఒక గడ్డ మెడను బొటనవేలితో నొక్కండి. లోపల జారినట్టు అనిపించినా, వేలికి తడి తగిలినా ఇంకా కాలేదు. వేర్లు నలిపితే పొడిగా రాలాలి.

గ్రేడింగ్‌లో జోడుగడ్డలు, పూతకాడ వచ్చినవి, లావు మెడవి, గాటు పడినవి ముందు ఏరేయండి. తర్వాత సైజు చూసి పెద్ద, మధ్య, చిన్న రకాలుగా విడదీయండి. కలిపి పోస్తే చిన్నదాని ధరే అన్నిటికీ కడతారు. పైన మంచివి పెట్టి అడుగున చిన్నవి దాచే తెలివి పనికిరాదు, వ్యాపారి సంచి కుమ్మరించి చూస్తాడు. గోనె సంచి గానీ వలసంచి గానీ వాడండి, ఎరువుల ప్లాస్టిక్ సంచిలో గడ్డ చెమర్చుతుంది.

లోడు ఎత్తే ముందు ఖర్చు లెక్క వేయండి. ఉదాహరణకు 50 కిలోల సంచికి ఖాళీ సంచి 30, కోత కూలి 30, బాడుగ 40, హమాలీ 15 అనుకుంటే 115 రూపాయలు, అంటే క్వింటాకు 230. పీకిన కూలి, పెట్టుబడి ఇందులో లేవు. 2025 సెప్టెంబరులో ధర పడిపోయి ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో మూడో రకాన్ని లారీ ఎక్కించకుండా ఊళ్లోనే అమ్ముకోవడం మేలు.

యార్డులో సరుకు ఎంత నిలిచిపోయిందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ రెండు రోజులు ఆగిన సంచుల్లో అడుగు వరస వేడెక్కి మొలకెత్తుతుంది. దించగానే సంచులు లెక్కపెట్టి లాట్ నంబరు రాసుకోండి. తూకం దగ్గరుండి చూడండి, తరుగు కింద ఎన్ని కిలోలు తీశారో చీటీలో రాయించుకోండి. ఇంకా ధర వస్తుందని ఖరీఫ్ గడ్డను ఇంట్లో దాచొద్దు. నెలల తరబడి నిలవ ఉండే గుణం దానికి లేదు, ఆ ఆశ రబీ గడ్డ మీద పెట్టుకోండి.