అమ్మాయిల ఫుట్‌బాల్ కోచ్ అవ్వాలంటే ముందు పదకొండు మందిని వెతుక్కోండి

బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదివే అమ్మాయిలు ఏటా ఇద్దరో ముగ్గురో నా దగ్గరికొచ్చి అడుగుతారు: "మేడమ్, కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్ అవ్వాలంటే ఏం చెయ్యాలి?" ఒక సంగతి ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ డిగ్రీ కాలేజీల్లో 'మహిళల ఫుట్‌బాల్ హెడ్ కోచ్' అని విడిగా పోస్టు ఉండటం నేనైతే చూడలేదు. ఉండేది పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. పొద్దున ఫుట్‌బాల్, మధ్యాహ్నం ఖోఖో, నడుమ క్యారమ్ బోర్డుకి పౌడర్ కొనిపెట్టడం, ఆగస్టు 15కి పరేడ్. వీటన్నిటి సందుల్లో మీ టీమ్‌ని మీరే తయారుచేసుకోవాలి.

అమెరికాలో కథ వేరు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆన్సన్ డోరెన్స్ 1979 నుంచి 2024 దాకా అమ్మాయిల జట్టుకి కోచ్‌గా ఉన్నారు. 22 జాతీయ టైటిళ్లు గెలిపించారు. అక్కడ కోచ్ హైస్కూల్ మ్యాచ్‌లు చూసి, నచ్చిన ప్లేయర్‌కి స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకోవచ్చు. మనకి డోస్ట్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు వచ్చి ఎవరు చేరితే వాళ్లే.

కాగితాల సంగతి తొందరగా ముగిద్దాం. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ, ఆపైన ఎంపీఈడీ. రెగ్యులర్ పీడీ పోస్టు కావాలంటే ఎంపీఈడీలో 55 శాతం మార్కులు, దానిపైన నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ల అర్హత పరీక్షలు) ఉండాలి. నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 47. ఇదంతా ఉద్యోగం కోసం. ఆట నేర్పడానికి ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ లైసెన్సులు విడిగా చెయ్యాలి: డి, తర్వాత సి, బి, ఎ. డి లైసెన్స్ చదువుకునేటప్పుడే చేసెయ్యండి. నేను ఆరేళ్లు ఆలస్యం చేశాను. కోర్సులో నా పక్కన నిలబడ్డ పిల్లలు నన్ను ఆంటీ అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు, పాపం.

ప్రైవేటు కాలేజీలో చేరేటప్పుడు జీతం ఎంతని మాత్రమే కాదు, ఎన్ని నెలలు ఇస్తారని కూడా అడగండి. నేను మొదట చేసిన చోట పరీక్షలు అయ్యాక మళ్లీ క్లాసులు మొదలయ్యేదాకా జీతం లేదు. ఆ ముక్క నాకు మే నెలలో తెలిసింది.

ఇక అసలు పని. మొదటి ఏడాది నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను. నలుగురొచ్చారు. అందులో ఒకమ్మాయి బ్యాడ్మింటన్ అనుకుని వచ్చింది. అప్పటినుంచి నోటీసు మానేసి ఫస్టియర్ క్లాసులకే వెళ్తున్నాను. "ఫుట్‌బాల్ ఎవరికి వచ్చు?" అని మాత్రం అడగకండి, ఒక్క చెయ్యీ లేవదు. "స్కూల్లో కబడ్డీ, ఖోఖో, రన్నింగ్ ఎవరు చేశారు?" అని అడగండి. గురుకులాల్లో చదివొచ్చిన పిల్లల చేతులు ముందు లేస్తాయి. కబడ్డీ ఆడినమ్మాయి ఒంటి మీదికి వచ్చేవాళ్లకి జడవదు, డిఫెన్స్‌లో పెట్టండి. ఖోఖో అమ్మాయి ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది, వింగ్‌కి, అంటే గ్రౌండ్ అంచు వెంట ఆడటానికి పనికొస్తుంది. ఇప్పుడున్న మా గోల్‌కీపర్ త్రోబాల్ నుంచి వచ్చింది. బంతిని చూసి కళ్లు మూసుకోదు, నాకంతే చాలు.

అమ్మాయి ఒప్పుకుంటే సగం పనే అయినట్టు. మిగతా సగం ఇంట్లో ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే తేలదు, ఇంటికి వెళ్లాల్సిందే. చంపాపేటలో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. టీ ఇచ్చి, కూర్చోబెట్టి, నిదానంగా చెప్పారు: "ఆడితే నాకేం లేదు మేడమ్. కానీ ఏడు దాటిందంటే వాళ్లమ్మ గేటు కాడనే నిలబడ్తది. పిల్ల వచ్చేదాకా కదలదు." నేను ఆటల గొప్పతనం మీద పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని వెళ్లాను. సౌమ్య గుగులోత్ నిజామాబాద్ జిల్లా నుంచి బయల్దేరి క్రొయేషియాలో డినమో జాగ్రెబ్‌కి ఆడిందని ఫొటో కూడా ఫోన్లో పెట్టుకున్నాను. ఆయనకి అవేవీ అక్కర్లేదు, టైము కావాలి. మర్నాటి నుంచి సాయంత్రం ప్రాక్టీసు తీసేసి పొద్దున ఆరింటికి మార్చాను. ఆ అమ్మాయి మూడేళ్లు ఆడింది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక ఛార్జీల గొడవ కూడా పోయింది, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని వచ్చేస్తున్నారు. అన్నట్టు, పొద్దున ప్రాక్టీసు పెట్టేవాళ్లకి ప్రిన్సిపాల్ కంటే వాచ్‌మన్ ముఖ్యం. గేటు తాళం ఆయన దగ్గర ఉంటుంది.

గ్రౌండ్‌లో మొదటి నెల మ్యాచ్ ఆడించకండి. బంతి చుట్టూ తేనెటీగల్లా మూగుతారు, ఎవరికీ ఏమీ రాదు. నలుగురిని ఎనిమిది అంగల దూరంలో చతురస్రంగా నిలబెట్టి, మధ్యలో ఒకరిని పెట్టి పాసులు ఆడించండి. బంతి పోగొట్టినమ్మాయి మధ్యలోకి వెళ్తుంది. పది నిమిషాల్లో ఎవరు తలెత్తి చూస్తున్నారో, ఎవరు కాళ్లకేసే చూసుకుంటున్నారో మీకే తెలిసిపోతుంది. వారానికోసారి అలవాటు లేని రెండో కాలితోనే ఆడించండి. మన ఊళ్లోనే స్కూలు టీచరుగా పనిచేసి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ దాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ అలాంటి పోటీలు పెట్టేవారని పాతవాళ్లు చెప్తారు. డోరెన్స్ పద్ధతి ఒకటి నేను కాపీ కొట్టాను: ప్రాక్టీసులో ప్రతి చిన్న పోటీ ఫలితమూ నోట్‌బుక్‌లో రాస్తాను. టీమ్ ప్రకటించాక "నన్నెందుకు తీశారు మేడమ్?" అని ఎవరైనా ఏడిస్తే ఆ పేజీ చూపిస్తాను. ఏడుపు ఆగదనుకోండి, కోపం మాత్రం తగ్గుతుంది.

మోకాళ్ల గురించి మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో బాగా ఎక్కువ. చూడటం తేలికే. అమ్మాయిని ఒక మెట్టు మీద నుంచి రెండు కాళ్లతో దూకమనండి, మీరు ఎదురుగా గొంతుక్కూర్చోండి. నేల తాకిన క్షణంలో మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి దగ్గరైతే ఆమెకి ముందు దిగడం నేర్పాలి: మోకాలు పాదం వేళ్ల వైపే ఉండాలి, తుంటి వెనక్కి పోవాలి, చప్పుడు రాకూడదు. 'ఫిఫా 11 ప్లస్' అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, బంతి, కోన్లు తప్ప వేరే సామాన్లు అక్కర్లేదు. దాన్ని వారానికి రెండుసార్లయినా చేయించండి.

సీజన్ మొదట్లో హిమోగ్లోబిన్ టెస్టు చేయించండి. 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. మా వింగర్ ఇరవై నిమిషాలకే ఆయాసపడితే బద్ధకం అనుకుని ఎక్స్‌ట్రా రౌండ్లు వేయించాను. టెస్టులో 8.9 వచ్చింది. ఆ రౌండ్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంకోటి, తెల్ల షార్ట్స్ కుట్టించకండి. పీరియడ్స్ టెన్షన్ వల్లే ఇంగ్లండ్ అమ్మాయిల జట్టు 2023లో తెల్లవి మానేసి నీలం రంగుకి మారింది. మనవాళ్లు పైకి చెప్పరు, ప్రాక్టీసుకి రావడం మానేస్తారు.

టోర్నీకి వెళ్లేముందు ఫైలు చూసుకోండి: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ఐడీ కార్డు, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకం ఉన్న ఎలిజిబిలిటీ ఫారం. నా రెండో ఏడాది సరిగ్గా పదకొండు మందితో వెళ్లాం. ఒకరి టెన్త్ మెమో జిరాక్స్ లేదు. ఒరిజినల్ ఊళ్లో బీరువాలో ఉంది, బీరువా తాళం పొలంలో ఉన్న నాయనమ్మ దగ్గర ఉంది. రూల్ ప్రకారం ఏడుగురుంటే మ్యాచ్ మొదలవుతుంది కాబట్టి పది మందితో దిగాం, నాలుగు సున్నాతో ఓడాం. ఆ అమ్మాయి స్టడ్స్ బూట్లు వేసుకుని, షిన్ గార్డ్స్ కట్టుకుని తొంభై నిమిషాలూ లైన్ బయట నిలబడింది. తప్పు నాదే. ఇప్పుడు అందరి జిరాక్సులూ జూలైలోనే రెండేసి సెట్లు తీసి నా దగ్గరే పెట్టుకుంటాను.

స్కోరు ఎలా ఉన్నా ప్రతి మ్యాచ్‌లో ఇద్దరు ఫస్టియర్ అమ్మాయిల్ని దింపండి. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయాక మీకు మిగిలేది వాళ్లే. ఈ ఏడాది నాకు ఆరుగురు మిగిలారు. రేపు బీకాం ఫస్టియర్ క్లాసుకి వెళ్తున్నాను, అకౌంట్స్ సార్ పది నిమిషాలు ఇస్తానన్నారు.